పెరట్లో జామ, సంచిలో ఆపిల్

ప్రశ్న: "మాది నరసన్నపేట దగ్గర ఊరు. మా అత్తగారికి ఎనిమిదేళ్లుగా షుగర్. రోజూ ఒక ఆపిల్ తింటే డాక్టరుతో పనే ఉండదని ఎవరో చెప్పారట, అప్పట్నుంచి ఇంట్లో ఆపిల్ లేకపోతే ఊరుకోరు. కిలో రెండొందలు పెట్టి తెస్తున్నాం. బాబు మూడో తరగతి. బాక్సులో ఆపిల్ ముక్కలు పెడితే నల్లబడ్డాయని తినకుండా తిరిగి తెచ్చేస్తాడు. అది ఐరన్, మంచిదే, తినమని అత్తగారంటారు. పెరట్లో జామచెట్టు నిండా కాయలున్నాయి, వాడికి అవంటే ప్రాణం, కానీ జలుబు చేస్తుందని ముట్టనివ్వరు. పైగా ఆపిల్‌కి మైనం పూస్తారంటున్నారు, అదో భయం. ఇంకో సంగతి. మా నాన్న కవిటి దగ్గర ఉంటారు. ఈమధ్య క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదన్నారు, రక్తంలో పొటాషియం కూడా ఎక్కువుందట. కొబ్బరినీళ్లు, అరటిపండు మానమన్నారు. చూడ్డానికి వెళ్తూ ఏం పట్టుకెళ్లాలో తెలీడం లేదు. ఆపిల్ తీసుకెళ్లొచ్చా?"

అమ్మా, మీరు ఆఖర్న అడిగినదే నాకు ముందు కనిపించింది, అందుకని దాంతోనే మొదలుపెడతాను.

తీసుకెళ్లండి. మీరు రాసినవాళ్లందరిలో ఆపిల్‌తో నిజంగా పనున్నది మీ నాన్నగారికే. ఆయన దగ్గరికి తీసుకెళ్లడానికేమో జంకుతున్నారు, అంత అవసరం లేనిచోటికేమో రెండొందలు పోసి తెస్తున్నారు.

మీ నాన్నగారి కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఎవరింటికి వెళ్లినా ముందు చేతికొచ్చేది కొబ్బరి బొండాం. చుట్టూ కొబ్బరి, పనస, జీడితోటలు. అక్కడ పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లు మానేయమంటే ఎంత కష్టమో నాకు తెలుసు, మా దగ్గరి బంధువుల్లోనే ఒకాయన్ని చూశాను, పెరట్లో గెలలు వేలాడుతుంటే ఆయన అరుగు మీద కూచుని వాటి కేసి చూసేవాడు. కానీ డాక్టరు చెప్పింది ఊరికే చెప్పలేదు. మనం తినేవాటిలో ఉండే పొటాషియంలో ఎక్కువైనదాన్ని బయటికి పంపేది కిడ్నీలే, అవి నీరసించాక అది రక్తంలోనే ఉండిపోతుంది, మరీ పెరిగితే గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది. రిపోర్టులో 3.5 నుంచి 5 దాకా ఉంటే మామూలని రాసి ఉంటుంది, ఆయనది ఎంతుందో ఒకసారి చూడండి.

ఇప్పుడు పండ్ల సంగతి. నూరు గ్రాముల అరటిపండులో పొటాషియం దాదాపు 358 మిల్లీగ్రాములు, పనసతొనల్లో 448, జామలో 417, కొబ్బరినీళ్లలో సుమారు 250. ఆపిల్‌లో 107. అంతే తేడా, అందుకే కిడ్నీ రోగులకి ఆపిల్ తినొచ్చని చెబుతారు తప్ప ఆపిల్ కిడ్నీని బాగుచేస్తుందని కాదు, ఆ మాట ఎవరైనా అంటే నమ్మకండి. ఆపిల్‌తో దాదాపు సమానంగా ఉన్న పండు ఇంకోటి మన దగ్గరే ఉంది, అనాస, 109. సీతంపేట కొండల నుంచి అనాసపండ్లు దిగే రోజుల్లో అయితే ఆపిల్ కోసం వెతుక్కోనక్కర్లేదు, నాలుగు ముక్కలు కోసి పెట్టండి. మీ పెరటి జామకాయలు మాత్రం ప్రేమగా సంచిలో వేసుకుని ఆయన దగ్గరికి పట్టుకెళ్లకండి. స్టార్ ఫ్రూట్ అని అయిదు అంచులతో పుల్లటి కాయ ఒకటి కొందరి పెరళ్లలో కాస్తుంది చూశారా, కిడ్నీ బాగోలేనివాళ్లు దాన్ని ఒక్క ముక్క కూడా ముట్టకూడదు, అది మెదడు మీద పనిచేసి ప్రాణం మీదికి తెస్తుంది. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పు కూడా ఇంట్లో ఉంటే తీసెయ్యండి, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియమే. ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఎంత తినాలంటే, రోజుకి చిన్న ఆపిల్ ఒకటి, అది కూడా ఆయన డాక్టరుకి ఒక మాట చెప్పి. నీళ్లు ఇంతే తాగాలని కొలత పెట్టి ఉంటే పండులో నీరూ గుర్తుంచుకోవాలి, ఆపిల్‌లో నూటికి ఎనభై అయిదు వంతులు నీళ్లే. కిడ్నీ జబ్బున్న ప్రతివాళ్లూ ఇన్ని మానక్కర్లేదు, పొటాషియం పెరిగినవాళ్లకే ఈ జాగ్రత్తలన్నీ. ఆయన రిపోర్టు చూసి పక్కింటాయన కూడా అరటిపండు మానేస్తే అది వేరే పొరపాటు.

ఇక మీ అత్తగారు చెప్పే సామెత. అది మనది కాదమ్మా. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో రాత్రి పడుకోబోయే ముందు ఆపిల్ తింటే డాక్టరుకి తిండి దొరకదనే అర్థంలో ఒక మాట వాడుకలో ఉండేదని 1866లో ఒక ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది, అది అరిగి అరిగి ఇప్పుడు మనం వినే రూపానికి వచ్చింది. వాళ్లకి ఆపిల్ అంటే మనకి జామకాయ లాంటిది, పెరట్లో కాస్తుంది, చలికాలమంతా నిలవుంటుంది, చవక. అందుకే ఆ సామెత పుట్టింది. సీతాఫలాలు పండే దేశంలో పుట్టి ఉంటే సీతాఫలం మీద కట్టేవారు. ఇది నిజమా అని 2015లో అమెరికాలో ఎనిమిది వేల పైచిలుకు మంది పెద్దవాళ్ల వివరాలు తీసి చూశారు కూడా. తినేవాళ్లకీ తిననివాళ్లకీ చదువులో, సిగరెట్ అలవాటులో ఉన్న తేడాలు తీసేసి లెక్క వేస్తే, ఆపిల్ తినేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం ఏమీ తగ్గలేదు, రాయించుకునే మందులు మాత్రం కాస్త తక్కువున్నాయి. అంతే.

అలాగని ఆపిల్‌ని తీసిపారెయ్యను. దాని మంచితనం విటమిన్లలో లేదు, పీచులో ఉంది. పెక్టిన్ అని ఒక రకం పీచు, జామ్ గట్టిపడేది దానివల్లే, అది పేగుల్లోకి వెళ్లి జిగురులా మారి చెడ్డ కొలెస్ట్రాల్‌ని కొంచెం తగ్గిస్తుంది, అన్నంలోని చక్కెర రక్తంలోకి గబగబా ఎక్కకుండా చూస్తుంది. పైగా ఆపిల్‌ని నమలాలి. అరటిపండు నాలుగు కొరుకుల్లో అయిపోతుంది, ఆపిల్‌కి ఇంకాస్త సేపు పడుతుంది, కడుపు నిండిన కబురు మెదడుకి వెళ్లడానికి టైము దొరుకుతుంది. భోజనానికి ముందు ఆపిల్ పండుగానే తిన్నవాళ్లు, ఏమీ తిననివాళ్ల కంటే పదిహేను శాతం తక్కువ తిన్నారని, అదే ఆపిల్‌ని రసం చేసి ఇస్తే అంత ఫలితం రాలేదని 2009లో ఒక పరిశోధనలో తేలింది.

ఇది మీ అత్తగారికి పనికొచ్చే సంగతి. షుగర్ ఉన్నవాళ్లు ఆపిల్ తినొచ్చు. మీ పిడికిలంత చిన్న కాయ ఒకటి, తొక్కతో, రెండు పూటల భోజనాలకి మధ్యలో. కంచం నిండా అన్నం తిని పైన ఆపిల్ కోసుకుని తింటే ఆ చక్కెర ఈ చక్కెర కలుస్తాయి, అప్పుడు ఆపిల్ మంచిదే కదా అంటే గ్లూకోమీటర్ వినదు. తొక్క తీస్తే పీచు సగానికి దగ్గరగా పోతుంది, నూరు గ్రాములకి 2.4 గ్రాములుండేది 1.3కి దిగుతుంది. రసం మాత్రం వద్దే వద్దు, ఒక గ్లాసు ఆపిల్ జ్యూస్‌లో అయిదు చెంచాల పంచదారంత తీపి ఉంటుంది, పీచు ఉండనే ఉండదు. కొందరికి ఆపిల్ తింటే కడుపు ఉబ్బరం వస్తుంది, ఆవిడకి అలా ఉంటే సగం కాయతో ఆపండి. పళ్లు కదులుతుంటే పల్చగా చెక్కినట్టు కోసి పెట్టండి.

బాబు సంగతికి వస్తాను. ఆపిల్ ముక్క నల్లబడేది ఐరన్ వల్ల కాదు. ఇది మా అమ్మా చెప్పింది, నేనూ చాలా ఏళ్లు నమ్మాను. కోసినచోట కణాలు తెగి, లోపలుండే ఒక ఎంజైము గాలి తగలగానే పండులోని పదార్థాలతో కలిసి ఆ గోధుమరంగు తెస్తుంది, వంకాయ కోస్తే నల్లబడేది కూడా ఇందుకే. మనం వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేస్తాం కదా, ఆపిల్ ముక్కల్ని కూడా చిటికెడు ఉప్పు వేసిన నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీసి తుడిచి బాక్సులో పెట్టండి, మధ్యాహ్నం దాకా తెల్లగా ఉంటాయి. నిమ్మరసం రాసినా సరే, కానీ పిల్లలు ఆ పులుపుకి మొహం చిట్లిస్తారు. ఇంకా తేలిక పని చెప్పనా, కాయని ముక్కలుగా కోసి మళ్లీ కాయలాగే చేర్చి ఒక రబ్బరు బ్యాండు వేసి పంపండి, గాలి తగలదు, వాడికి విప్పుకోవడం ఓ సరదా. గింజలు తీసెయ్యండి, ఒకటి రెండు మింగితే ఏమీ కాదు గానీ వాటిని నమలడం అలవాటు కాకూడదు.

ఐరన్ అంటారా, నూరు గ్రాముల ఆపిల్‌లో ఉన్నది మిల్లీగ్రాములో పదో వంతు. అదే నూరు గ్రాముల చోడి (రాగి) పిండిలో నాలుగున్నర మిల్లీగ్రాములు. చోడి అంబలి మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఒకరు నేర్పాలా, కానీ ఇప్పుడు చోడి అంబలి తాగామని చెప్పుకోవడానికి నామోషీ, ఆపిల్ తిన్నామని చెప్పుకోవడం గొప్ప. తమాషా ఏమిటంటే చోడిలో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే దాంతో పాటు విటమిన్ సి ఉండాలి, అది మీ పెరట్లోనే వేలాడుతోంది.

జామకాయకి ఆపిల్‌కి పోటీ పెడితే ఆపిల్ ఓడిపోతుంది. నూరు గ్రాముల జామలో విటమిన్ సి దాదాపు 228 మిల్లీగ్రాములు, ఆపిల్‌లో అయిదు కూడా లేదు. పీచు జామలో రెట్టింపు పైన. ఆఖరికి ప్రోటీన్ కూడా ఎక్కువే. జలుబు అనేది వైరస్ వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది, జామకాయ వల్ల వచ్చేది కాదు. జామ ఎక్కువగా కాసే రోజులూ వానా చలీ కలిసే రోజులూ ఒకటే కావడంతో పాపం ఆ నేరం దాని మీద పడింది. మీ అత్తగారితో వాదించకండి, వాదిస్తే పట్టుదల పెరుగుతుంది. పచ్చిగా కాకుండా దోరగా పండినవి కోసి, కడిగి, ఉప్పు కారం అద్ది ముందు ఆవిడ చేతికే ఇవ్వండి. ఆవిడ షుగర్‌కి ఆపిల్ ఎంత మంచిదో దోరజామ కూడా అంతే మంచిది. వాళ్ల చిన్నప్పుడు చెట్లెక్కి తినలేదా అని అడగండి, కబుర్లు మొదలవుతాయి, ఈలోగా బాబు రెండు కాయలు తినేస్తాడు.

మైనం గురించి మరీ టెన్షన్ పడకండి. ఆపిల్ తన మీద తానే ఒక మైనపు పొర పెంచుకుంటుంది, లోపలి నీరు ఆరిపోకుండా. చెట్టు నుంచి కోసి కడిగినప్పుడు ఆ పొర కొంత పోతుంది కాబట్టి ప్యాకింగ్ చేసేచోట మళ్లీ పల్చగా పూస్తారు. తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం, లక్క, తేనెమైనం, ఇవి మన దేశంలో అనుమతి ఉన్నవే, అరగవు, అలాగే బయటికి పోతాయి. గోటితో గీకితే తెల్లగా రాలిందని వీడియోలు పెడతారు చూడండి, పండు సొంత మైనం కూడా అలాగే రాలుతుంది. నాకైతే మైనం కంటే పైన ఉండే పురుగుమందు మీదే అనుమానం. దానికి లీటరు నీళ్లలో రెండు చెంచాల వంటసోడా వేసి పావుగంట నానబెట్టి, తర్వాత ధారకింద రుద్ది కడగండి. ఉత్త నీళ్ల కంటే ఇది బాగా పనిచేస్తుందని 2017లో పరీక్షించి చూశారు. తొక్క దాటి లోపలికి ఇంకిన కాస్త మందు దీనితో పోదు, ఉన్నమాట చెప్పాలి కదా.

కొనేటప్పుడు ఒక మాట. ఎర్రగా మెరిసేదే మంచిదని కొనకండి. మనకి ఎక్కువగా కనిపించే ముదురెరుపు రకం రెడ్ డెలీషియస్, శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా ఆయన, తర్వాత సత్యానంద్ స్టోక్స్‌గా మారినాయన, 1916లో సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో నాటించిన రకం. చూపుకి దాన్ని మించింది లేదు, కానీ నిలవుండేకొద్దీ కొరికితే పిండిపిండిగా అయిపోతుంది. కాశ్మీరు, హిమాచల్ కొత్తకాపు వచ్చేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. దసరా వెళ్లాక విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగే రోజుల్లో బండ్ల మీద కనిపించే ఆపిల్‌కీ, మే నెలలో కోల్డ్ స్టోరేజీ నుంచి తీసినదానికీ కరకరలోనే తేడా తెలుస్తుంది. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండాలి, వేలితో నొక్కితే లొంగకూడదు, తొడిమ దగ్గర వాసన రావాలి. ఎండాకాలం మన ఉక్కకి బల్లమీద పెడితే నాలుగు రోజుల్లో మెత్తబడిపోతాయి, కవరులో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, కానీ ఆకుకూరల పక్కన వద్దు. ఆపిల్ నుంచి ఇథిలీన్ అనే గ్యాస్ వస్తుంటుంది, దానికి తోటకూర పసుపురంగుకి తిరిగిపోతుంది. అదే గ్యాస్ మనకి పనికొస్తుంది కూడా, పచ్చి సీతాఫలాలు మాగబెట్టాలంటే బియ్యం డబ్బాలో వాటి మధ్య ఒక ఆపిల్ పెట్టి మూతేయండి.

ఇంతకీ ఆపిల్ అంటే మనకి మొదటినుంచీ రోగి పండు. నాకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అరకిలో ఆపిల్, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొచ్చారు, ఇంటికొచ్చేసరికి ఏడు కిలోలు తేలాయి, మా వీధిలో అందరికీ పంచాం. మా నాన్నగారు మాత్రం జ్వరాలతో పని లేకుండా ఏడాదికోసారి, బోనస్ వచ్చిన నెలలో, ఆపిల్ తెచ్చేవారు. ఒకే ఒక్కటి. అయిదుగురం చుట్టూ కూచునేవాళ్లం, ఆయన జేబులోంచి మడత చాకు తీసి పంచె అంచుకి తుడిచి, తొడిమ దగ్గర మొదలుపెట్టి కాయని తిప్పుతూ ఎనిమిది చీలికలు చేసేవారు, ఒక్కదాని కంటే ఒకటి లావుగా ఉండకూడదని మధ్యమధ్యలో ఆపి కొలిచేవారు. అవి మాకు పంచాక ఆయనకి మిగిలేది గింజల గూడు చుట్టూ ఉండే గట్టి ముక్క. ఆ పల్చటి చీలికని నేను ముందు తొక్క వైపు కొరికి, లోపలిది నాలుక మీద పెట్టుకుని అరగంట ఉంచుకునేదాన్ని. దానివల్ల ఒంటికి ఏ విటమిను వచ్చిందో తెలీదు గానీ ఆ రుచి ఇప్పుడు కిలో కొన్నా రావడం లేదు. మీ ఇంట్లో కూడా రోజూ తెచ్చే బదులు వారానికోసారి మంచివి నాలుగు తెచ్చి, టీవీ ముందు కాకుండా అందరూ కూచుని కోసుకు తినండి, అత్తగారి కోరికా తీరుతుంది, డబ్బులూ మిగులుతాయి, మిగిలిన రోజులకి జామ ఉండనే ఉంది.

పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ దొరికితే మా ఇంట్లో ఆవ పెడతాం. తొక్కతోనే చిన్న ముక్కలు కోసి, అర చెంచా ఆవపొడి, కారం, పసుపు, ఉప్పు, ఓ చెంచా నువ్వులనూనె కలిపి, ఇంగువ తాలింపు వేస్తే గంటలో ముక్కకి ఘాటు పడుతుంది. వేడన్నంలోకి బాగుంటుంది, పెరుగన్నంలో నంజుకోవడానికి ఇంకా బాగుంటుంది. ఉప్పు తగిలింది కాబట్టి మీ నాన్నగారికి మాత్రం పెట్టకండి, ఆయనకి ఉత్త ముక్కలే కోసివ్వండి. కలిపిన రోజునే తినెయ్యాలి, మర్నాటికి ముక్క మెత్తబడి నీరు ఊరిపోతుంది.